మూతి చూసి చెప్పాలి



పాత నలుపు తెలుపు సినిమా వస్తుంటే అందరూ హీరోని చూస్తారు, హీరోయిన్ని చూస్తారు, పాట వింటారు. నాలాంటివాళ్ళు కొందరుంటారు. వాళ్ళ కన్ను వెనకాల రోడ్డు మీద పోయే లారీ మీద ఉంటుంది. తెర మీద కథానాయిక పుట్టింటి గడప దిగి ఏడుస్తూ పోతుంటే, ఇంట్లో ఆడవాళ్ళు కొంగుతో కళ్ళొత్తుకుంటుంటే, ‘అదిగో ఫార్గో!’ అని అరిచి చీవాట్లు తింటాం. ఈ పిచ్చికి కూడా ఒక పద్ధతి ఉంది. 1940, 50ల నాటి అమెరికా లారీలను పాత సినిమాల్లో ఎలా గుర్తుపట్టాలి, మన విశాఖపట్నం వాళ్ళకి ఆ సంగతితో ఏం పని, ఈ పూట అదే మాట్లాడతాను. కళ్ళతో నేర్చుకునే విద్యను చెవులకు చెప్పబోతున్నాను కాబట్టి, కాస్త కళ్ళు మూసుకుని వినండి. బొమ్మలు నేను మాటలతో గీస్తాను.

అమెరికావాళ్ళు ఈ గుర్తుపట్టే పని చేసేటప్పుడు ముందు క్యాబిన్ చూస్తారు. ముందు అద్దం ఒకే పలకా, మధ్యలో కడ్డీ పెట్టిన రెండు పలకలా? క్యాబిన్ వెనక మూలల్లో చిన్న అద్దాలున్నాయా? తలుపు పిడి కిందికి తిప్పేదా, బొత్తాం నొక్కేదా? వీటిని బట్టి బండి ఏ ఏటిదో చెప్పేస్తారు. ఆ విద్య పట్టుకుని మన సినిమాల ముందు కూర్చుంటే ఒక్క లారీ కూడా దొరకదు. ఎందుకంటే మన దేశంలో ఎక్కువ లారీలకు క్యాబిన్ అమెరికాలో తయారైంది కాదు. కంపెనీ అమ్మేది చాసీ. అంటే ఇంజను, దాని మీద బానెట్టు, ముందు రెండు మడ్‌గార్డులు, స్టీరింగు, నాలుగు పక్కలా గాలి. డ్రైవరు ఒక చెక్కపెట్టె మీద కూర్చుని, తలకి తువ్వాలు చుట్టుకుని, ఆ అస్థిపంజరాన్ని వందల మైళ్ళు తోలుకొచ్చి వడ్రంగి ముందు పెట్టేవాడు. అక్కడి నుంచి వెనకదంతా మనవాళ్ళ పని. చెక్క చట్రం, దాని మీద రేకు, పక్కన తలుపు, పైన సామాను పెట్టుకోవడానికి గూడు, నుదుటి మీద దేవుడి పేరు. విజయవాడలో కట్టిన బాడీ ఒకలా ఉంటుంది, మద్రాసులో కట్టింది ఇంకొకలా ఉంటుంది. షెవర్లెట్‌కీ ఫోర్డుకీ ఒకే మేస్త్రి ఒకే రకం క్యాబిన్ కట్టేవాడు.

గాజువాక ఆటోనగర్‌లో పాత డీజిల్ మెకానిక్కు ఒకాయనకి ఫోన్లో ఒక సినిమా ముక్క చూపించి, ఏ కంపెనీదో చెప్పమన్నాను. లారీ వెనక నుంచి కనబడుతోంది. ఆయన ఫోన్ తిరిగిచ్చేసి, ‘బాబుగారూ, ఎనకాల సూసి ఏటి సెప్తామండి, మూతి సూడాల’ అన్నాడు. మన సినిమాలకు పనికొచ్చే మొదటి సూత్రం అదే. మన లారీలో అమెరికా ఉన్నది ముందు అద్దం దాకానే.

సరే, మూతులు చూద్దాం. ముందుగా దీపాలు. 1930ల నడిమి దాకా హెడ్‌లైట్లు విడిగా, రేడియేటరుకి రెండు పక్కలా, కాడల మీదో అడ్డ కడ్డీ మీదో నిలబడి ఉండేవి. తర్వాత మెల్లగా మడ్‌గార్డుల మీదికి జరిగి, 40లు వచ్చేసరికి వాటిలోకి దిగిపోయాయి. బండి దుమ్ములో ఎంత మసకగా కనబడినా దీపం విడిగా ఉందా, రేకులో కలిసిపోయిందా అన్నది తెలుస్తుంది. ఆ ఒక్క ఆనవాలుతోనే పదేళ్ళ తేడా పట్టేయవచ్చు.

షెవర్లెట్ మన రోడ్ల మీద బాగా తిరిగింది. 1947 మధ్యలో వచ్చి 1955 మొదటి దాకా నడిచిన మోడలుకి మూతి మీద అయిదు లావుపాటి కమ్ములు అడ్డంగా పడుకుని ఉంటాయి. వాటికి ఇరువైపులా మడ్‌గార్డులు బాగా ఉబ్బి, వాటిలో దీపాలు దూరం దూరంగా ఉంటాయి. దానికి ముందు మోడలుకి, 1941లో వచ్చినదానికి, పై సగంలో అడ్డ కమ్ములు, కింది సగంలో నిలువు కమ్ములు. ఇక ఫోర్డు సంగతి. యుద్ధకాలపు ఫోర్డుకి కమ్ములన్నీ నిలువు. 1948లో మూతి మార్చేశారు. కమ్ములు అడ్డం తిరిగాయి, దీపాలు మడ్‌గార్డుల మీద నుంచి ఆ కమ్ముల గూటిలోకి వచ్చేశాయి. 1951లో ఆ గూట్లో మూడు పెద్ద పళ్ళు మొలిచాయి. పళ్ళు కనబడితే ఫోర్డు అనండి, తప్పు కాదు. ఇంటర్నేషనల్, స్టూడిబేకర్ కూడా ఉన్నాయి గానీ, నా కంటికి మన సినిమాల్లో తక్కువగా తగిలాయి. వాటిని వదిలేస్తాను.

వదలకూడనిది డాడ్జి. డాడ్జి బానెట్టు కొసన పొట్టేలు బొమ్మ ఉంటుంది, దూకబోతున్నట్టు తల వంచుకుని. ఆ పొట్టేలు కనబడితే పని అయిపోయినట్టే. కానీ అదే బానెట్టు, అదే మడ్‌గార్డు, అదే ఇంజను ఉండి పొట్టేలు లేని లారీ కూడా కనబడుతుంది. అది ఫార్గో. ఇంకోటి డిసోటో. మూడూ క్రిస్లర్ కంపెనీవే. ఒకే లారీని వేరువేరు డీలర్ల కోసం వేరువేరు పేర్లతో అమ్మారు. పేరు చదివి తేల్చుకుందామా అంటే, ఇంగ్లీషులో డాడ్జి అయిదక్షరాలు, ఫార్గో అయిదక్షరాలు, రెండింటిలోనూ నాలుగో అక్షరం ఒకటే! గీతలు పడ్డ ప్రింటులో, పరుగెత్తే లారీ బానెట్టు మీద ఆ తేడా చూడగలిగినవాడికి దండం పెట్టాలి. అలాంటప్పుడు నేను ‘క్రిస్లర్ వారి బండి’ అని ఊరుకుంటాను. పట్టుదలకు పోయి పేరు పెట్టేవాళ్ళున్నారు, వాళ్ళ ధైర్యం వాళ్ళది.

ఈ డాడ్జి, ఫార్గోల దగ్గరే విశాఖపట్నం వాళ్ళం కాస్త ఆగాలి. వీటిని మన దేశంలో తయారుచేసింది బొంబాయి కుర్లాలోని ప్రీమియర్ ఆటోమొబైల్స్. 1944లో ఆ కంపెనీ పెట్టినాయన వాల్‌చంద్ హీరాచంద్. ఆ పేరు మనకి కొత్తది కాదు. మన ఊళ్ళో సింధియా అని బస్సు కండక్టరు కేకేసే చోటు ఉందే, ఆ పేరు ఆయన ఓడల కంపెనీ సింధియా స్టీమ్ నావిగేషన్‌ది. 1941 జూన్ 21న ఇక్కడ ఓడల కార్ఖానాకి బాబూ రాజేంద్రప్రసాద్ చేత శంకుస్థాపన చేయించింది ఆ కంపెనీయే. 1948 మార్చి 14న నెహ్రూ వచ్చి జల ఉష ఓడను నీళ్ళలోకి దింపింది ఆ కార్ఖానాలోంచే. 1952లో ప్రభుత్వం చేతికి వచ్చి హిందుస్థాన్ షిప్‌యార్డ్ అయింది. ఓడ ఇక్కడ, లారీ అక్కడ, విమానం బెంగుళూరులో. మూడూ ఒకే మనిషి తలపెట్టిన పనులు. కార్ల ఫ్యాక్టరీ కోసం యుద్ధానికి ముందు నుంచే అమెరికా చుట్టూ తిరిగాడు. ఫోర్డుతో కుదరలేదు, క్రిస్లర్‌తో కుదిరింది. అందుకే ఆనాటి సినిమాలో పొట్టేలు బొమ్మ లారీ కనబడినప్పుడల్లా దానికి మన సింధియాతో చుట్టరికం ఉందని గుర్తుచేస్తుంటాను. ఇంట్లో ఎవరూ పట్టించుకోరనుకోండి.

ఫోర్డు, షెవర్లెట్ అంతకుముందే వచ్చాయి. ఫోర్డువాళ్ళు 1926లో ఇండియా కంపెనీ పెట్టారు, అమెరికా ఫోర్డు పిల్లగా కాదు, కెనడా ఫోర్డు పిల్లగా. బ్రిటిషు సామ్రాజ్యంలోని దేశాలకు కెనడా నుంచి సరుకు పంపితే సుంకం కలిసొచ్చేది. బొంబాయి, కలకత్తా, మద్రాసుల్లో బిగింపు షెడ్లు వేశారు. జనరల్ మోటార్స్ 1928లో బొంబాయి శివడీలో మొదలుపెట్టింది. లారీ విడిభాగాలుగా పెట్టెల్లో ఓడ దిగేది, షెడ్డులో లారీ అయ్యి బయటికొచ్చేది. మన రేవు అప్పటికింకా తవ్వకంలో ఉంది. 1933లో తెరిచాక ఇక్కణ్ణించి ప్రధానంగా బయటికి పోయింది మాంగనీసు ఖనిజం. గర్భాం వైపు గనుల దగ్గర తోలిన లారీల కబుర్లు మా పెదనాన్న చెప్పేవాడు. ఆయన లెక్కలో లారీలు రెండే రకాలు, ‘కంపెనీ లారీ’, ‘డిస్పోజల్స్ లారీ’.

ఆ రెండో మాటతో అసలైన చిక్కు మొదలవుతుంది. రెండో ప్రపంచయుద్ధంలో అమెరికా సైన్యం తూర్పు భారతంలో దిగింది. అస్సాంలోని లీడో నుంచి బర్మా మీదుగా చైనాకి రోడ్డు వేసింది. 1945 జనవరి 12న లీడోలో బయల్దేరిన మొదటి లారీల వరస ఫిబ్రవరి 4న కున్‌మింగ్ చేరింది. ఆ దారి మీద బాగా శ్రమించింది జీఎంసీ వారి రెండున్నర టన్నుల లారీ. యుద్ధకాలంలో అయిదున్నర లక్షలకు పైగా చేశారు దాన్ని. యుద్ధం అయిపోయాక ఇవన్నీ తిరిగి అమెరికాకి మోసుకుపోవడం దండగ. ప్రభుత్వం పుచ్చుకుని, డిస్పోజల్స్ శాఖ పెట్టి, జనానికి అమ్మేసింది. పెట్రోలు కోటాతో, బొగ్గు గ్యాసుతో నడిచే ముసలి బస్సులతో నెట్టుకొస్తున్న ఊళ్ళకి అవి వరంలా దొరికాయి. మిలట్రీ ఆకుపచ్చ మీద ఎర్రరంగు కొట్టి, వెనక చెక్క బాడీ కట్టి రోడ్డెక్కించారు.

తెర మీద వాటిని పట్టుకోవడానికి రెండు గుర్తులు. ఒకటి, టైర్లు లెక్కపెట్టండి. ఆ రోజుల్లో మామూలు లారీకి ఆరు టైర్లు, ముందు రెండు, వెనక నాలుగు. 1950ల సినిమాలో పది టైర్ల లారీ కనబడిందంటే అది సైన్యం నుంచి వచ్చిందేనని దాదాపు ఖాయం. రెండోది ఇంకా తేలిక. హీరో ఏ వైపు కూర్చున్నాడు? అమెరికా సైన్యం బండికి స్టీరింగు ఎడమ వైపు. ఇక్కడ బిగించి అమ్మినవాటికి కుడి వైపు. కమ్ములూ దీపాలూ ఏమీ కనబడకపోయినా, డ్రైవరు మోచెయ్యి ఎడమ కిటికీలోంచి బయటికి వేలాడుతుంటే అది డిస్పోజల్స్ బండి.

ఇక్కడే ఒక మాయ ఉంది, చాలామంది పడతారు. బండి మీద ఫోర్డు అనో షెవర్లెట్ అనో ఉంటుంది, మిలట్రీ వాటం ఉంటుంది, కానీ స్టీరింగు కుడి వైపు. పైగా బానెట్టు పొట్టిగా చప్పిడిముక్కులా ఉంటుంది, ముందు అద్దం పైనుంచి కిందికి వచ్చేకొద్దీ లోపలికి వాలి ఉంటుంది. అది అమెరికాది కాదు, కెనడాది. బ్రిటిషు సైన్యాల కోసం ఫోర్డు, షెవర్లెట్ల కెనడా శాఖలు కలిసి ఒకే నమూనాలో లక్షలకొద్దీ చేశాయి. ఆకాశంలోంచి విమానానికి అద్దం తళుక్కుమని కనబడకూడదని అలా వాల్చారు. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు వచ్చి బాంబులు వేసిన ఊరు మనది. ఆ జాగ్రత్త ఎందుకో విశాఖపట్నం వాడికి వేరే చెప్పక్కర్లేదు.

ఇంతవరకూ గుర్తులు చెప్పాను. ఇప్పుడు ఆ గుర్తులు ఎందుకు పనికొస్తాయో చెప్పాలి. 1953లో టారిఫ్ కమిషన్ ఒక నివేదిక ఇచ్చింది. ఇక్కడే భాగాలు తయారుచేసే పథకం ఉన్న కంపెనీలే ఉండాలి, పెట్టెలు విప్పి బిగించడంతో సరిపెట్టుకునేవాళ్ళు వద్దు అని దాని సారాంశం. జనరల్ మోటార్స్, ఫోర్డు ఏడాది రెండేళ్ళలో మూటాముల్లే సర్దుకున్నాయి. ప్రీమియర్ ఉండిపోయింది కాబట్టి డాడ్జి, ఫార్గోలు ఉండిపోయాయి. 1954లో జంషెడ్‌పూర్ నుంచి టాటా మెర్సిడెస్ బెంజ్ వచ్చింది. మద్రాసు ఎన్నూరులో లేలాండ్ కామెట్ అప్పటికే తయారవుతోంది. డీజిల్ చవక, పెట్రోలు ఖరీదు. అమెరికా లారీలు ఎక్కువగా పెట్రోలువి. వాటి కథ అక్కడితో వాలుముఖం పట్టింది. పాతవి మరో పదేళ్ళూ పదిహేనేళ్ళూ తిరిగాయి గానీ కొత్త ఫోర్డు, కొత్త షెవర్లెట్ లారీ మూతి మన రోడ్డు మీదికి మళ్ళీ రాలేదు. అంచేత సినిమాలో ఒక వీధి దృశ్యం వస్తే, లారీల మూతులు లెక్కపెట్టి అది 50ల మొదటిదా, 60లదా చెప్పొచ్చు. టాటాకి కూడా తేదీ ఉంది. మూతి మీద బెంజివారి మూడు కొమ్మల నక్షత్రం ఉంటే 1969 లోపు తయారైంది. ఆ ఏడు ఒప్పందం ముగిసి నక్షత్రం పోయి టాటావారి సొంత గుర్తు వచ్చింది.

మన ఊరిని కూడా ఇలా రెండు ముక్కలు చేసి చూస్తుంటాను. రేవు, ఓడల కార్ఖానా, 1957లో వచ్చిన కాల్టెక్స్ రిఫైనరీ, ఇవి అమెరికా మూతులు రోడ్ల మీద ఉన్న కాలపు విశాఖపట్నం. 1971లో ఇందిరాగాంధీ శంకుస్థాపన చేసిన ఉక్కు ఫ్యాక్టరీ, 1976 నాటి ఔటర్ హార్బరు, ఇవి టాటా, లేలాండ్‌ల విశాఖపట్నం. 1978లో బాలచందర్ ‘మరోచరిత్ర’ ఇక్కడ తీసినప్పుడు తెర మీద దొరికేది ఈ రెండో ఊరు. మరుసటి ఏడాది ‘డ్రైవర్ రాముడు’లో రామారావుగారు లారీ డ్రైవరయ్యేసరికి మన రహదారుల మీద అమెరికా లారీల రాజ్యం ఎప్పుడో ముగిసింది. లారీ, ఓ పక్కన నిలబడే పాత్ర నుంచి హీరో పక్కన నిలబడే పాత్రకి ఎదిగేసరికి, దాని జాతి మారిపోయింది.

సినిమావాళ్ళు చేసే మోసాల గురించి కూడా ఒక మాట. బయట షాటులో ఒక లారీ, లోపల షాటులో ఇంకో లారీ. లోపలిది చాలాసార్లు స్టూడియోలో పెట్టిన సగం క్యాబిన్. దాని వెనక తెర మీద రోడ్డు బొమ్మ వేసి, ఇద్దరు మనుషులు కింద నుంచి ఊపేవాళ్ళు. స్టీరింగు చూసి బండిని గుర్తుపడదామనుకుంటే అక్కడ దెబ్బతింటాం. నంబరు ప్లేటు కూడా అంతే. ఆంధ్ర మద్రాసు నుంచి విడిపోయాక కూడా, కథ గోదావరి జిల్లాలో జరుగుతుంది, లారీ నంబరు ఎం అక్షరంతో మొదలవుతుంది. తీసింది కోడంబాకంలో కదా, అద్దెకు దొరికింది మద్రాసు రాష్ట్రపు బండి. ఇంజను చప్పుడు అసలు నమ్మొద్దు. ఆ చప్పుడు తర్వాత కలిపింది. పెట్రోలు ఫోర్డుకి డీజిల్ మోత పెట్టిన రికార్డిస్టు ఏ బాధా పడకుండా జీతం తీసుకున్నాడు. అయితే ఆ రోజుల్లో నిజంగానే డీజిల్‌కి మారిన డాడ్జిలు కూడా ఉన్నాయి, పాత పెట్రోలు ఇంజను తీసేసి పెర్కిన్స్ బిగించుకున్నవి. కాబట్టి చప్పుడు వినబడినా, వినబడకపోయినా ఒకటే.

హాలీవుడ్‌లో కూడా లారీ మూతి మీద నమ్మకం పెట్టుకున్న దర్శకుడొకాయన ఉన్నాడు. 1971లో స్పీల్‌బర్గ్ ‘డ్యూయెల్’ తీసినప్పుడు కథలో రాక్షసుడు ఒక ట్యాంకరు లారీ. డ్రైవరు ముఖం చూపించడు. పాత్రకి నటుల్ని ఎంచినట్టు లారీలను వరసలో నిలబెట్టి చూసి, 1950ల నాటి పీటర్‌బిల్టును ఎంచుకున్నాడు. కారణం, పొడుగాటి బానెట్టు, చీలిన ముందు అద్దం కలిసి దానికి ఒక ముఖం వచ్చింది. అప్పటి కొత్త మోడళ్ళు చదునుగా ఉండి ఆ పని చేసేవి కావు. ఇంకో ముచ్చట, 1940 నాటి ‘గ్రేప్స్ ఆఫ్ రాత్’లో ఓక్లహామా నుంచి కాలిఫోర్నియాకి వలసపోయే కుటుంబం ఎక్కిన లారీ, లారీ కానే కాదు. వెనక భాగం కోసేసి చెక్కలు కట్టిన హడ్సన్ కారు. మూతి చూడకుండా వెనక చూసి చెప్పినవాడు అమెరికాలోనూ ఓడిపోతాడు. మన ఋత్విక్ ఘటక్ 1958లో ‘అజాంత్రిక్’ తీసి ఒక పాత షెవర్లెట్ టాక్సీని ఏకంగా కథానాయికను చేశాడు. అది కారు కాబట్టి ఈ ప్రసంగంలో దానికి చోటు లేదు గానీ, చూడనివాళ్ళు చూడండి.

మీకు ఈ పని మీద ఆసక్తి కలిగితే సినిమాలతోనే ఆగనక్కర్లేదు. ఉత్తరాంధ్రలో పెళ్ళివారు లారీల్లో తరలివెళ్ళిన కాలం ఒకటుంది. ఆ ఫోటోలు ఇళ్ళలో ఉన్నాయి. వాటితో ఒకటే చిక్కు. ఫోటోగ్రాఫరు పెళ్ళివారందర్నీ సరిగ్గా బానెట్టు ముందే నిలబెడతాడు, కమ్ములన్నీ పట్టుచీరల వెనక్కి పోతాయి. మా పెదనాన్న పెళ్ళి ఫోటో అలాంటిదే. కమ్ముల్లో ఒక్కటీ కనబడదు. కానీ ఒక పక్క మడ్‌గార్డు కనబడుతుంది, దానిలోకి దిగి ఉన్న దీపం కనబడుతుంది, కుడి వైపు కిటికీలో డ్రైవరు చెయ్యి కనబడుతుంది. కాబట్టి అమెరికా సైన్యం వదిలిన డిస్పోజల్స్ బండి కాదు. 1948 తర్వాతి ఫోర్డు కూడా కాదు, దాని దీపాలు కమ్ముల గూట్లో ఉంటాయి కదా. ఇక మిగిలిన వాటిలో ఏదో తేల్చడానికి, మా పెద్దమ్మ అన్నగారు ఒక అడుగు పక్కకి జరిగి నిలబడి ఉంటే సరిపోయేది.